కంపైలర్ టెస్టులు ఫెయిలైతే ఎక్కడ మొదలుపెట్టాలి: ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసేవారికి సమగ్ర మార్గదర్శి

ఓపెన్ సోర్స్ కంపైలర్‌లో చిన్న మార్పు చేసి టెస్ట్ సూట్ నడిపారు. చివర్లో ఫెయిలైన టెస్టుల జాబితా వచ్చింది. కొన్ని మీరు ముట్టుకున్న కోడ్‌కు దగ్గరగానే ఉన్నాయి, మిగతావాటికి మీ మార్పుతో సంబంధమే కనిపించడం లేదు. ఇక్కడ చాలామంది మొదటి టెస్టు ఫైల్ తెరిచి, అందులో ఆశించిన అవుట్‌పుట్‌ను తీసేసి ఇప్పుడొచ్చిన అవుట్‌పుట్‌ను పెట్టేస్తారు. టెస్టు పాసవుతుంది. కానీ ఎప్పుడో ఎవరో ఒక తప్పు మళ్లీ రాకుండా పెట్టిన కాపలా అక్కడితో పోతుంది. కంపైలర్ తప్పు కోడ్ పుట్టిస్తే, దానితో బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌లలోకి ఆ తప్పు చేరుతుంది. ఆ ప్రోగ్రామ్‌లు రాసినవాళ్లు తమ సోర్స్ కోడ్‌లో ఎంత వెతికినా అది దొరకదు.

అందుకే ఈ వ్యాసమంతా ఒకే నియమం మీద నడుస్తుంది. టెస్టు ఎందుకు ఫెయిలైందో ఒక్క వాక్యంలో చెప్పగలిగేదాకా టెస్టునూ మార్చవద్దు, కంపైలర్‌నూ మార్చవద్దు. ఆ వాక్యం దగ్గరికి ఎలా చేరుకోవాలో కింద మెట్టు మెట్టుగా రాశాను. ఉదాహరణలు ఎక్కువగా ఎల్ఎల్‌విఎమ్ (కంపైలర్లు కట్టడానికి వాడే ప్రాజెక్టు), దాని మీద కట్టిన సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ క్లాంగ్‌ల నుంచి తీసుకున్నాను, అవసరమైన చోట జీసీసీ, రస్ట్ కంపైలర్ల సంగతీ చెప్పాను.

మొదటి మెట్టు: మీ మార్పు లేకుండా ఎలా ఉందో చూడండి

పెద్ద కంపైలర్ ప్రాజెక్టులో అన్ని టెస్టులూ అన్ని మెషీన్లలో ఎప్పుడూ పాసవుతాయని అనుకోకూడదు. ముఖ్యంగా జీసీసీలో చాలా టార్గెట్ల (కంపైలర్ ఏ ప్రాసెసర్ల కోసం కోడ్ పుట్టిస్తుందో అవి) మీద ఎప్పటినుంచో ఫెయిలవుతున్న టెస్టులు కొన్ని ఉంటాయి. అందుకే అక్కడ ప్యాచ్ పంపేవాళ్లను, మార్పుకు ముందు ఫలితాలూ తర్వాత ఫలితాలూ పోల్చి చూడమని అడుగుతారు.

కాబట్టి మీ మార్పు ఏ కమిట్ మీద మొదలైందో ఆ కమిట్‌ను వేరే డైరెక్టరీలోకి తెచ్చుకోండి. గిట్ వర్క్‌ట్రీ ఇందుకు సరిగ్గా సరిపోతుంది, రిపాజిటరీని మళ్లీ క్లోన్ చేయనక్కర్లేదు. దానికి విడిగా బిల్డ్ డైరెక్టరీ పెట్టి, బిల్డ్‌ను సిద్ధం చేసే సీమేక్‌కు అవే ఆప్షన్లు ఇచ్చి, అదే హోస్ట్ కంపైలర్‌తో (మీ కంపైలర్‌ను బిల్డ్ చేయడానికి వాడే కంపైలర్) బిల్డ్ చేసి, టెస్టులు నడపండి. ఒక బిల్డ్‌లో అసర్షన్లు (కోడ్ లోపలే షరతులను సరిచూసే తనిఖీలు) ఉండి రెండోదాంట్లో లేకపోతే మీరు చేసే పోలికకు అర్థం ఉండదు.

రెండు ఫలితాలనూ ఫైళ్లలో దాచుకుని, వరుస క్రమంలో పెట్టి, తేడా చూడండి. జీసీసీలో టెస్టులు నడిపే డీజాగ్ను నడిచాక సంక్షిప్త ఫలితాలు డాట్ సమ్ ఫైల్‌లోకి, పూర్తి వివరాలు డాట్ లాగ్ ఫైల్‌లోకి వెళ్తాయి. రెండు సమ్ ఫైళ్లను పోల్చడానికి కాంట్రిబ్ డైరెక్టరీలో కంపేర్ టెస్ట్స్ అనే స్క్రిప్ట్ ఉంది. టెస్టులు నడపడానికి లిట్ అనే టూల్ వాడే ఎల్ఎల్‌విఎమ్‌లో చివరి జాబితానే కాపీ చేసుకున్నా పనైపోతుంది.

రెండు చోట్లా ఫెయిలైనవి పాతవి. వాటిని ఒక పక్కన రాసిపెట్టుకోండి, ఇప్పుడే వాటి వెంట పడవద్దు. మార్పు తర్వాతే ఫెయిలైనవి మీ లెక్కలోకి వస్తాయి. ముందు ఫెయిలై ఇప్పుడు పాసైనవాటిని కూడా వదలకూడదు. మీకు తెలియకుండా ఏదో మారిందని అవి చెబుతున్నాయి. నడిపిన ప్రతిసారీ జాబితా మారిపోతుంటే అది వేరే జబ్బు, దాని సంగతి కింద విడిగా రాశాను.

రెండో మెట్టు: ఫలితాల పేర్లు సరిగ్గా చదవండి

పాస్, ఫెయిల్ అందరికీ తెలిసినవే. మిగతావాటిని జాగ్రత్తగా చూడాలి. ఎక్స్‌ఫెయిల్ అంటే ఫెయిలవుతుందని ముందే ప్రకటించిన టెస్టు, అనుకున్నట్టే ఫెయిలైంది. ఎక్స్‌పాస్ అంటే ఫెయిలవుతుందని ప్రకటించింది పాసైంది. లిట్ దీన్ని కూడా వైఫల్యంగానే లెక్కిస్తుంది, అలా లెక్కించడమే సరైనది. అన్‌సపోర్టెడ్ అంటే ఈ బిల్డ్‌లో ఆ టెస్టు నడపడానికి కావలసినవి లేవు కాబట్టి నడపలేదు. అన్‌రిజాల్వ్డ్ అంటే ఫలితం తేల్చలేకపోయింది. ఎక్కువగా రన్ లైన్ (టెస్టు ఫైల్‌లో నడపవలసిన కమాండ్ రాసిన లైన్) లేకపోవడం వల్లనో, టెస్ట్ కాన్ఫిగరేషన్ చెడిపోవడం వల్లనో అలా అవుతుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది అన్‌సపోర్టెడ్ సంఖ్య ఉన్నట్టుండి పెరగడం. ఫెయిల్ ఒక్కటీ లేదు కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. నిజానికి సీమేక్ ఆప్షన్ ఒకటి పడిపోయి వందల టెస్టులు అసలు నడవకపోయి ఉండవచ్చు. బేస్‌లైన్‌తో (మీ మార్పు లేని ఫలితాలతో) పోల్చేటప్పుడు ఈ సంఖ్యను కూడా పక్కపక్కన పెట్టి చూడండి.

మూడో మెట్టు: ఒక్క టెస్టును విడిగా నడపండి

సూట్ మొత్తాన్ని మళ్లీ మళ్లీ నడపడం సమయం వృథా. జాబితాలో అన్నిటికన్నా చిన్న టెస్టు ఎంచుకోండి. ఒకే డైరెక్టరీలో ఇరవై ఫెయిలై ఉంటే వాటి వెనక ఒకే కారణం ఉండే అవకాశం ఎక్కువ. చిన్నది పట్టుకుంటే మిగతావి వాటంతట అవే తేలతాయి.

బిల్డ్ డైరెక్టరీలోని బిన్ ఫోల్డర్‌లో ఎల్ఎల్‌విఎమ్-లిట్ ఉంటుంది. దానికి వివరాలు చూపే -వి ఆప్షన్, టెస్టు ఫైల్ పాత్ ఇస్తే ఆ ఒక్క టెస్టునే నడుపుతుంది. సోర్స్ ట్రీలో ఉన్న లిట్‌ను నేరుగా పిలిస్తే బిల్డ్ వివరాలు దానికి తెలియవు, అందుకే బిల్డ్ డైరెక్టరీలోనిదే వాడాలి. జీసీసీలో అయితే మేక్ చెక్-జీసీసీకి రన్‌టెస్ట్‌ఫ్లాగ్స్ అనే వేరియబుల్ ద్వారా డీజీ డాట్ ఈఎక్స్‌పీ, దాని పక్కన ఈక్వల్ గుర్తు పెట్టి టెస్టు పేరు ఇస్తారు. రస్ట్‌లో ఎక్స్ డాట్ పీవై టెస్ట్ తర్వాత ఫైల్ పాత్ ఇస్తే చాలు.

కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడ ఒక విషయంలో చాలా సమయం పోగొట్టుకుంటారు. నింజా చెక్-ఎల్ఎల్‌విఎమ్ అనే బిల్డ్ కమాండ్ ఇచ్చినప్పుడు ముందు టూల్స్ బిల్డ్ అయి, తర్వాత టెస్టులు నడుస్తాయి. లిట్‌ను నేరుగా పిలిస్తే అది ఏదీ బిల్డ్ చేయదు, ఉన్న బైనరీతోనే టెస్టు నడుపుతుంది. సోర్స్ మార్చి, బిల్డ్ చేయడం మరిచి, లిట్ నడిపితే పాత కంపైలర్‌నే పరీక్షిస్తున్నట్టు. ఆప్టిమైజేషన్లు నడిపే ఆప్ట్‌ను మాత్రమే బిల్డ్ చేసి, టెస్టు మెషీన్ కోడ్ పుట్టించే ఎల్ఎల్‌సి వాడుతుంటే కూడా ఇదే గతి. టెస్టు ఏ టూల్స్‌ను పిలుస్తుందో రన్ లైన్ చూసి, అవన్నీ బిల్డ్ చేసి, ఆ తర్వాతే నడపండి.

ఇప్పుడు రన్ లైన్‌ను విడదీయండి. ఒక సాధారణ టెస్టులో ఆప్ట్ అవుట్‌పుట్ పైప్ ద్వారా, దాన్ని టెస్టులోని చెక్ లైన్లతో పోల్చే ఫైల్‌చెక్‌లోకి వెళ్తుంది. లిట్ -వి అవుట్‌పుట్‌లో అసలు నడిచిన కమాండ్ పూర్తి పాత్‌లతో కనిపిస్తుంది. పైప్‌కు ముందు భాగాన్ని మాత్రమే కాపీ చేసి టెర్మినల్‌లో నడపండి, అవుట్‌పుట్‌ను ఫైల్‌లో దాచండి, ఎగ్జిట్ కోడ్ చూడండి. తర్వాత ఆ ఫైల్‌ను ఫైల్‌చెక్‌కు ఇవ్వండి. తప్పు ఎటువైపు ఉందో దీంతో సగం తేలిపోతుంది.

కమాండ్‌కు ముందు నాట్ అనే పదం ఉంటే అది ఒక చిన్న టూల్. వెనకున్న కమాండ్ మామూలుగా ఫెయిలైతే నాట్ పాసవుతుంది. కానీ కమాండ్ క్రాషైతే మాత్రం, క్రాష్ అనే ఆప్షన్ ఇచ్చి ఉంటే తప్ప, నాట్ కూడా ఫెయిలవుతుంది. తప్పు ప్రోగ్రామ్‌కు ఎర్రర్ మెసేజ్ రావాలని పరీక్షించే టెస్టులో కంపైలరే కూలిపోతే దాన్ని పాస్ అనకూడదు కదా!

నాలుగో మెట్టు: క్రాషా, తప్పు అవుట్‌పుటా?

షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 134 అయితే అబార్ట్, అంటే ఎక్కువసార్లు అసర్షన్ ఫెయిలై ఉంటుంది. 139 అయితే సెగ్మెంటేషన్ ఫాల్ట్. 137 అయితే ప్రాసెస్‌ను బయటినుంచి ఎవరో చంపారు, లినక్స్‌లో ముందుగా అనుమానించవలసింది మెమరీ అయిపోయి కెర్నెల్ చంపడాన్ని. ఈ అంకెలన్నీ 128కి సిగ్నల్ నంబర్ కలిపితే వచ్చేవే.

అసర్షన్ ఫెయిలైతే ఒక రకంగా అదృష్టమే, ఏ ఫైల్‌లో ఏ లైన్‌లో ఏ షరతు తప్పిందో అదే చెబుతుంది. స్టాక్ ట్రేస్‌లో కంపైలర్ ఏ పాస్ (కోడ్ మీద కంపైలర్ చేసే ఒక్కో దశ, టెస్టు పాసవడం కాదు) నడుపుతూ ఏ ఫంక్షన్ దగ్గర ఉందో కూడా కనిపిస్తుంది. ట్రేస్‌లో పేర్లకు బదులు అడ్రస్‌లే వస్తుంటే ఎల్ఎల్‌విఎమ్-సింబలైజర్ బిల్డ్ అయిందో లేదో చూసుకోండి. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయితే, అసర్షన్లు ఆన్ చేసిన బిల్డ్‌లో అదే కమాండ్ నడపండి. చాలాసార్లు అది అసర్షన్‌గా మారి తప్పు మొదలైన చోటును చూపిస్తుంది.

క్రాష్ లేకపోతే ఫైల్‌చెక్ ఏమంటుందో చదవాలి. అది మూడు విషయాలు చెబుతుంది: ఏ చెక్ లైన్ దొరకలేదు, ఎక్కడి నుంచి వెతకడం మొదలుపెట్టింది, ఇదేనేమో అనిపించిన లైన్ ఏది. ఆ మూడోది కేవలం ఊహ. అక్షరాల పోలికను బట్టి చేసిన ఊహ కాబట్టి అది మిమ్మల్ని వేరే ఫంక్షన్‌లోకి కూడా తీసుకుపోవచ్చు. దానికన్నా రెండోదాన్ని నమ్మండి. వెతకడం ఎక్కడి నుంచి మొదలైందో చూస్తే, అంతకు ముందున్న చెక్ లైన్ ఎక్కడ సరిపోయిందో తెలుస్తుంది. పైనున్న ఒక వదులు చెక్ తప్పు చోట సరిపోయి, కింద ఉన్న సరైన చెక్ ఫెయిలవడం తరచూ జరిగేదే. ప్రతి ఫంక్షన్ పేరు దగ్గరా చెక్-లేబుల్ వాడాలనేది ఇందుకే. అది ఇన్‌పుట్‌ను ముక్కలుగా విడగొడుతుంది కాబట్టి ఒక ఫంక్షన్‌లోని చెక్ ఇంకో ఫంక్షన్‌లో సరిపోయే ప్రమాదం ఉండదు.

ఇన్‌పుట్ ఖాళీగా ఉందని ఫైల్‌చెక్ అంటే చెక్ లైన్ల జోలికి పోకండి. ముందున్న కమాండ్ ఏమీ రాయలేదన్నమాట. అవుట్‌పుట్ స్టాండర్డ్ ఎర్రర్‌లోకి వెళ్తుండవచ్చు, లేదా ఫైల్‌లోకి వెళ్తుండవచ్చు.

దీనికి వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఉంది. చెక్ పక్కన కోలన్ మరిచిపోతే ఆ లైన్‌ను ఫైల్‌చెక్ వ్యాఖ్యగానే చూస్తుంది, ఏమీ తనిఖీ చేయదు. టెస్టు పాసవుతూనే ఉంటుంది. ఫెయిలైన టెస్టును చదివేటప్పుడు పక్కనున్న లైన్లలో ఇలాంటివి కనిపిస్తే సరిచేయండి, అయితే దాన్ని వేరే కమిట్‌గా పంపండి.

ఐదో మెట్టు: తప్పు మీ మెషీన్‌దా?

బేస్‌లైన్‌లోనే ఫెయిలై, ప్రాజెక్టు బిల్డ్‌బాట్లలో (వాటంతట అవే బిల్డ్ చేసి టెస్టులు నడిపే మెషీన్లలో) పాసవుతున్న టెస్టుల కారణం ఎక్కువసార్లు ఇక్కడే దొరుకుతుంది.

ముందుగా టార్గెట్లు. సీమేక్‌లో మీరు ఎక్స్86 ఒక్కటే బిల్డ్ చేయమని ఉండవచ్చు. ఆర్మ్ టెస్టుల డైరెక్టరీలో ఉన్నవైతే లిట్ లోకల్ కాన్ఫిగ్ వాటిని అన్‌సపోర్టెడ్‌గా పక్కన పెడుతుంది. అందరికీ ఉమ్మడిగా ఉన్న డైరెక్టరీలో ఎవరో ఆర్మ్ ట్రిపుల్‌తో (టార్గెట్ ప్రాసెసర్, సిస్టమ్‌లను చెప్పే పేరు) టెస్టు రాసి, ఆ టార్గెట్ ఉంటేనే నడపమని చెప్పే రిక్వైర్స్ లైన్ పెట్టడం మరిచిపోతే అది మీ దగ్గర ఫెయిలవుతుంది. దీనికి తోబుట్టువు లాంటి తప్పు, ట్రిపుల్ అసలు ఇవ్వకపోవడం. అప్పుడు కంపైలర్ హోస్ట్ మెషీన్ ట్రిపుల్‌నే తీసుకుంటుంది. రాసినవారి ఎక్స్86 లినక్స్‌లో పాసైన టెస్టు ఆర్మ్ మ్యాక్‌లో ఫెయిలవుతుంది. ఈ రెండింటిలోనూ తప్పు టెస్టుదే, సరిచేయడం కూడా తేలికే.

అసర్షన్ల సంగతి ఇంకొంచెం లోతైనది. అసర్షన్లు లేని బిల్డ్‌లో క్లాంగ్ మామూలుగా ఐఆర్‌లోని (సోర్స్‌కూ మెషీన్ కోడ్‌కూ మధ్య కంపైలర్ వాడే రూపం) విలువల పేర్లను వదిలేస్తుంది, పేర్లకు బదులు అంకెలు కనిపిస్తాయి. ఎంట్రీ, రిటర్న్ లాంటి పేర్లను చెక్ లైన్లలో నేరుగా రాసిన టెస్టు డెవలపర్ల అసర్షన్ బిల్డ్‌లో పాసై, రిలీజ్ బిల్డ్‌లో ఫెయిలవుతుంది. పేర్ల చోట ఫైల్‌చెక్ వేరియబుల్స్ వాడితే ఈ బాధ తీరుతుంది. డీబగ్ అవుట్‌పుట్ మీద ఆధారపడే టెస్టులకు మాత్రం అసర్షన్లు తప్పనిసరి, వాటికి రిక్వైర్స్ అసర్ట్స్ అని రాయాలి.

పాత్‌లోని పేరు కూడా టెస్టును పడగొట్టగలదు. అవుట్‌పుట్‌లో ఇది రాకూడదు అని చెప్పే చెక్-నాట్‌లో ఒక మామూలు పదం, ఉదాహరణకు లోడ్, ఉందనుకోండి. ఆప్ట్‌కు ఫైల్ పేరు నేరుగా ఇస్తే అవుట్‌పుట్ మొదటి లైన్లో మాడ్యూల్ ఐడీగా ఆ పాత్ అచ్చవుతుంది. మీ డైరెక్టరీ పేరులో ఆ పదం ఉంటే టెస్టు ఫెయిల్! చాలా ఎల్ఎల్‌విఎమ్ టెస్టులు ఫైల్‌ను స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారా ఇవ్వడంలో ఈ లాభం ఉంది, అప్పుడు పాత్ బదులు ఎస్‌టీడీఇన్ అని మాత్రమే వస్తుంది.

కంటెయినర్‌లో రూట్ యూజర్‌గా టెస్టులు నడుపుతుంటే, ఫైల్‌కు అనుమతి లేకపోతే ఎర్రర్ రావాలని పరీక్షించేవి ఫెయిలవుతాయి, ఎందుకంటే రూట్‌కు అనుమతి లేని ఫైలంటూ ఉండదు. మామూలు యూజర్‌ను సృష్టించి నడపండి. విండోస్‌లో గిట్ లైన్ చివర్లను మార్చేస్తే సోర్స్‌లోని బైట్ స్థానాలను పరీక్షించే టెస్టులు చెదిరిపోతాయి. పాత్‌లలో వెనక్కి వాలిన గీత వల్ల ఫెయిలయ్యేవి వేరుగా ఉంటాయి.

ఒకేసారి సంబంధం లేని టెస్టులు చాలా పడిపోతే, ముఖ్యంగా విడిగా నడిపితే అన్నీ పాసైతే, మెమరీని అనుమానించండి. లిట్ మెషీన్‌లో ఎన్ని ప్రాసెసర్ కోర్‌లు ఉంటే అన్ని టెస్టులు ఒకేసారి నడుపుతుంది. కోర్‌లు ఎక్కువ, మెమరీ తక్కువ ఉన్న మెషీన్‌లో -జె ఆప్షన్‌తో ఆ సంఖ్య తగ్గించండి. డిస్క్ నిండిపోయిందేమో కూడా ఒకసారి చూడండి.

ఇవేవీ కాకపోతే, బిల్డ్ డైరెక్టరీ పాతబడి సీమేక్ క్యాష్‌లో పాత నిర్ణయాలు మిగిలి ఉండవచ్చు. కొత్త డైరెక్టరీలో మొదటి నుంచి బిల్డ్ చేయండి. ఎల్ఎల్‌విఎమ్ లాంటి ప్రాజెక్టులో దానికి చాలాసేపు పడుతుంది, అందుకే దీన్ని చివర్లో చెప్పాను.

ఆరో మెట్టు: ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్

ఇలాంటి టెస్టు కనిపిస్తే మళ్లీ నడిపి, పాసయ్యాక ముందుకు సాగడం చాలా ప్రాజెక్టుల్లో అలవాటైపోయింది. కంపైలర్ విషయంలో ఇది ప్రమాదకరమని నా గట్టి అభిప్రాయం. ఒకే ఇన్‌పుట్‌కు ఒకే అవుట్‌పుట్ ఇవ్వని కంపైలర్‌తో బిల్డ్‌ను మళ్లీ అచ్చంగా పునఃసృష్టించలేరు, బగ్ రిపోర్టును నమ్మకంగా తిరిగి చూడలేరు. నిలకడలేని టెస్టు మీకు దొరికిందంటే కంపైలర్‌లోనే అస్థిరత ఉండవచ్చు.

ముందు టెస్టు ఒంటరిగా నడిచినప్పుడు కూడా అస్థిరంగా ఉందా చూడండి. షెల్ లూప్‌లో కొన్ని వందల సార్లు నడిపి, ప్రతిసారీ అవుట్‌పుట్ హాష్ (అవుట్‌పుట్ మారితే మారిపోయే చిన్న గుర్తు) తీసుకోండి. హాష్‌లన్నీ ఒకటే అయితే కంపైలర్ నిలకడగానే ఉంది, గొడవ పక్క టెస్టుతో. రెండు టెస్టులు ఒకే తాత్కాలిక ఫైల్ పేరు వాడుతుండవచ్చు. శాతం గుర్తు, టి అక్షరంతో రాసే పేరును లిట్ ప్రతి టెస్టుకూ వేరుగా ఇస్తుంది, దాన్ని వాడకుండా ఎవరో స్థిరమైన పేరు పెట్టి ఉంటారు. ఇంకోటి, గతంలో నడిచినప్పుడు మిగిలిపోయిన ఫైళ్లు. టెస్టు డైరెక్టరీని సృష్టించే ముందు పాతదాన్ని తొలగించకపోతే, నిన్నటి అవుట్‌పుట్‌తో ఈరోజు టెస్టు పాసవుతుంది.

హాష్‌లు మారుతుంటే తప్పు కంపైలర్‌లో ఉంది. లినక్స్‌లో సెట్‌ఆర్చ్ కమాండ్‌కు -ఆర్ ఆప్షన్ ఇచ్చి మెమరీ అడ్రస్‌ల యాదృచ్ఛికతను ఆపి మళ్లీ నడపండి. అప్పుడు నిలకడ వస్తే, కోడ్‌లో ఎక్కడో పాయింటర్ విలువలను బట్టి క్రమం నిర్ణయమవుతోందని గట్టిగా అనుమానించవచ్చు. పాయింటర్లు కీలుగా ఉన్న డెన్స్‌మ్యాప్‌లోనో స్మాల్‌పీటీఆర్‌సెట్‌లోనో ఒక్కో మూలకాన్ని తీసుకుంటూ ఇన్‌స్ట్రక్షన్లు పుట్టిస్తే, అడ్రస్‌లు మారినప్పుడు ఆ ఇన్‌స్ట్రక్షన్ల క్రమం మారుతుంది. చేర్చిన క్రమాన్ని గుర్తుంచుకునే మ్యాప్‌వెక్టర్, సెట్‌వెక్టర్ ఉన్నవి ఇలాంటి చోట్ల వాడటానికే. ఈ రకం తప్పులను కావాలని బయటికి లాగడానికి ఎల్ఎల్‌విఎమ్‌లో రివర్స్ ఇటరేషన్ అనే బిల్డ్ ఆప్షన్ ఉంది, అది ఇలాంటి కంటెయినర్లను తలకిందులుగా నడుపుతుంది. ఎక్స్‌పెన్సివ్ చెక్స్ ఆన్ చేస్తే, ఎల్ఎల్‌విఎమ్ సొంత సార్ట్ ఫంక్షన్ పని మొదలుపెట్టే ముందు మూలకాలను కలిపేస్తుంది. సమాన విలువల మధ్య క్రమం స్థిరంగా ఉంటుందని నమ్మిన కోడ్ వెంటనే దొరికిపోతుంది.

ఒకే మెషీన్‌లో నిలకడగా ఉండి, హోస్ట్ కంపైలర్ మారితే మాత్రమే అవుట్‌పుట్ మారే రకం ఇంకా సూక్ష్మమైనది. ఐఆర్ బిల్డర్‌లో ఒక యాడ్ సృష్టించే పిలుపుకు ఆర్గ్యుమెంట్లుగా ఇంకో రెండు ఇన్‌స్ట్రక్షన్లు సృష్టించే పిలుపులు రాశారనుకోండి. ఆర్గ్యుమెంట్లను ఏ క్రమంలో లెక్కించాలో సీ ప్లస్ ప్లస్ నిర్దేశించదు. క్లాంగ్ ఎడమ నుంచి కుడికి వెళ్తుంది, జీసీసీ చాలాసార్లు కుడి నుంచి ఎడమకు వెళ్తుంది. అందువల్ల జీసీసీతో బిల్డ్ చేసిన ఎల్ఎల్‌విఎమ్ ఆ రెండు ఇన్‌స్ట్రక్షన్లను తారుమారుగా రాస్తుంది. రెండు పిలుపులనూ విడివిడిగా వేరియబుల్స్‌లోకి తీసుకుంటే సరిపోతుంది. కారణం తెలియనివాళ్లు చెక్ లైన్లను క్రమం పట్టని చెక్-డాగ్‌గా మార్చి ఊరుకుంటారు. టెస్టు పాసవుతుంది, అవుట్‌పుట్ మాత్రం హోస్ట్ కంపైలర్‌ను బట్టి మారుతూనే ఉంటుంది.

సెట్‌ఆర్చ్‌తో కూడా నిలకడ రాకపోతే, విలువ పెట్టని మెమరీని చదవడమో, విడుదల చేసిన మెమరీని వాడటమో అయి ఉండవచ్చు. అడ్రస్, అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్లతో (నడుస్తుండగా ఇలాంటి తప్పులను పట్టే తనిఖీలు) కంపైలర్‌ను బిల్డ్ చేసి ఆ ఒక్క టెస్టును నడపండి. విలువ పెట్టని మెమరీని పట్టుకోవడానికి మెమరీ శానిటైజర్ గానీ వాల్‌గ్రైండ్ గానీ కావాలి, అడ్రస్ శానిటైజర్ దాన్ని చూడదు.

ఏడో మెట్టు: ఏ కమిట్‌తో మొదలైంది?

తప్పు మీది కాదని, మెయిన్ బ్రాంచ్‌లోనే ఉందని తేలితే, అది ఎప్పుడు వచ్చిందో కనుక్కోవడానికి గిట్ బైసెక్ట్ ఉంది. ప్రతి అడుగులోనూ వెతకవలసిన పరిధి సగమవుతుంది కాబట్టి వెయ్యి కమిట్‌లున్నా పది అడుగుల్లో పనైపోతుంది. బైసెక్ట్ రన్‌కు స్క్రిప్ట్ ఇస్తే మీరు పక్కన కూర్చోనక్కర్లేదు, కానీ ఆ స్క్రిప్ట్ సరిగ్గా ఉండాలి.

స్క్రిప్ట్ 0 ఇస్తే ఆ కమిట్ మంచిది. 125 ఇస్తే దాన్ని దాటవేయమని. 1 నుంచి 127 వరకు మిగతావేవైనా చెడ్డది. 128, ఆపైన వస్తే బైసెక్ట్ మొత్తం ఆగిపోతుంది. ఈ అంకెల్లో రెండు ఉచ్చులున్నాయి. బిల్డ్ ఫెయిలై బైనరీయే లేకపోతే షెల్ 127 ఇస్తుంది, గిట్ దాన్ని చెడ్డ కమిట్‌గా లెక్కేసి మిమ్మల్ని పూర్తిగా తప్పు దారిలోకి పంపుతుంది. కాబట్టి బిల్డ్ ఫెయిలైతే స్క్రిప్ట్ అక్కడే 125 ఇచ్చి బయటికి రావాలి. కంపైలర్ సెగ్మెంటేషన్ ఫాల్ట్ అయి 139 వస్తే బైసెక్ట్ మధ్యలో ఆగిపోతుంది, దాన్ని 1గా మార్చి ఇవ్వాలి.

స్క్రిప్ట్‌నూ టెస్టు ఫైల్‌నూ రిపాజిటరీ బయట పెట్టుకోండి. లోపలే ఉంచితే పాత కమిట్‌కు వెళ్లినప్పుడు టెస్టు కూడా పాతదైపోతుంది, లేదా అసలు ఉండదు. మీరు పరీక్షించవలసింది ఒకే టెస్టును వేర్వేరు కంపైలర్ల మీద.

దొరికిన కమిట్ సందేశంలో ఎన్ఎఫ్‌సీ అని, అంటే ప్రవర్తన మారదని, ఉన్నా వదిలిపెట్టవద్దు. అది రాసినవారి ఉద్దేశం మాత్రమే. ఆ కమిట్‌ను ఒక్కదాన్నే రివర్ట్ చేసి టెస్టు పాసవుతుందో లేదో చూసి నిర్ధారించుకోండి.

ఎనిమిదో మెట్టు: ఏ పాస్‌లో, ఏ కొంచెం కోడ్‌కు?

ఆప్టిమైజేషన్ ఉంటే తప్పు, లేకపోతే ఒప్పు అనే పరిస్థితిలో ఆప్ట్-బైసెక్ట్-లిమిట్ అనే ఆప్షన్ గొప్పగా పనికొస్తుంది. దానికి ఒక అంకె ఇస్తే ఆ సంఖ్యలో పాస్‌లు నడిచాక మిగతా ఐచ్ఛిక పాస్‌లను వదిలేస్తుంది, నడిపిన ప్రతిదాని పేరూ అచ్చు వేస్తుంది. మైనస్ 1 ఇస్తే అన్నీ నడిపి మొత్తం ఎన్నో చూపుతుంది. అక్కడి నుంచి అంకెను సగం చేసుకుంటూ వస్తే, ఏ పాస్ ఏ ఫంక్షన్ మీద నడిచినప్పుడు తప్పు కనిపించిందో తెలుస్తుంది. జీసీసీలో డీబగ్ కౌంటర్లు ఇదే రకమైన పని చేస్తాయి. ఒక హెచ్చరిక: దొరికిన పాస్ తప్పు చేసిందనే అనుకోకండి. ముందున్న పాస్ ఏదో చెల్లని ఐఆర్ పుట్టించి, ఇది దాని మీద నమ్మకంతో పనిచేసి ఉండవచ్చు. ఐఆర్ చెల్లుతుందో లేదో చూసే వెరిఫైయర్‌ను ప్రతి పాస్ తర్వాతా నడిపే ఆప్షన్ ఉంది, దాన్ని ఒకసారి ప్రయత్నించండి.

ఆ తర్వాత ఇన్‌పుట్‌ను తగ్గించండి. ఐఆర్‌కు ఎల్ఎల్‌విఎమ్-రిడ్యూస్, సీ కోడ్‌కు సీ-రిడ్యూస్ లేదా సీవైజ్. మూడింటికీ ఒక చిన్న స్క్రిప్ట్ ఇవ్వాలి, తప్పు ఇంకా ఉంటే అది 0 ఇవ్వాలి. బైసెక్ట్‌లో 0 అంటే మంచిది, ఇక్కడ 0 అంటే తప్పు ఇంకా ఉంది, ఈ తేడా గుర్తుంచుకోండి. స్క్రిప్ట్‌లో క్రాష్ అయిందా అని మాత్రమే చూస్తే, తగ్గించే క్రమంలో వేరే క్రాష్ దొరికి టూల్ దాని వెంట పోతుంది. అందుకని అదే అసర్షన్ సందేశం ఉందా అని వెతకండి. తప్పు కోడ్ పుట్టే కేసుల్లో ఇంకా జాగ్రత్త కావాలి, ఎందుకంటే తగ్గించిన సీ ప్రోగ్రామ్‌లో అన్‌డిఫైన్డ్ బిహేవియర్ (ఏం జరగాలో భాష నియమాలు చెప్పని ప్రవర్తన) చొరబడితే కంపైలర్ ఏం చేసినా ఒప్పే అవుతుంది. ప్రతి అడుగులోనూ శానిటైజర్‌తో ప్రోగ్రామ్‌ను పరీక్షించే లైన్‌ను స్క్రిప్ట్‌లో చేర్చండి.

తొమ్మిదో మెట్టు: ఇప్పుడు తీర్పు

ఇక్కడికి వచ్చేసరికి కారణం మీ చేతిలో ఉంటుంది. కంపైలర్ తప్పైతే కంపైలర్‌ను, టెస్టు తప్పైతే టెస్టును సరిచేస్తారు. కొంచెం ఆలోచించవలసింది మూడోది: కంపైలర్ అవుట్‌పుట్ న్యాయంగానే మారింది, టెస్టులోని ఆశింపు పాతబడింది.

ఎల్ఎల్‌విఎమ్‌లో చాలా చెక్ లైన్లు స్క్రిప్ట్‌తో పుట్టించినవే. ఫైల్ మొదట్లోనే ఏ స్క్రిప్ట్‌తో పుట్టించారో ఒక వ్యాఖ్య ఉంటుంది. ఆప్ట్ టెస్టులకు ఒకటి, ఎల్ఎల్‌సి టెస్టులకు ఒకటి, క్లాంగ్ టెస్టులకు ఒకటి ఉన్నాయి. రస్ట్‌లో బ్లెస్ అనే ఆప్షన్ ఇస్తే యూఐ టెస్టుల ఎర్రర్ ఫైళ్లన్నీ కొత్త అవుట్‌పుట్‌తో తిరగరాస్తుంది. ఇవన్నీ మంచి సాధనాలే, చేతితో దిద్దడం కన్నా చాలా మేలు. కానీ అవి కొత్త అవుట్‌పుట్ సరైనదో కాదో చూడవు. తిరగరాసిన తర్వాత గిట్ డిఫ్‌ను ప్రతి టెస్టులోనూ లైన్ వారీగా చదవండి. ఒక ఇన్‌స్ట్రక్షన్ తగ్గిందా, పెరిగిందా? నో సైన్డ్ ర్యాప్ (లెక్క అంకెల పరిధి దాటదనే హామీ) లాంటి ఫ్లాగ్ కొత్తగా వచ్చి చేరిందా, అది నిజంగా చెల్లుతుందా? అలైన్‌మెంట్ అంకె పెరిగిందా? తప్పు కోడ్ ఇలాంటి చిన్న తేడాల్లోనే దాక్కుంటుంది. గిట్ బ్లేమ్‌తో ఆ టెస్టును చేర్చిన కమిట్ సందేశం చదివితే, అది దేనికి కాపలా కాస్తుందో తెలుస్తుంది, ఆ పని ఇప్పటికీ చేస్తోందో లేదో మీరే చెప్పగలరు.

టెస్టుల్లో వచ్చే మార్పులు మరీ ఎక్కువైతే, ముందుగా మీ మార్పు లేకుండా టెస్టులను స్క్రిప్ట్‌తో తాజాగా చేసి ఒక కమిట్ పెట్టండి. తర్వాత మీ మార్పుతో వచ్చిన తేడా మాత్రమే రెండో కమిట్‌లో కనిపిస్తుంది. సమీక్షించేవారి కళ్లకు మీరు చేసే పెద్ద ఉపకారం ఇదే.

పదో మెట్టు: పంపడం

కంపైలర్‌ను సరిచేస్తే, తగ్గించిన ఇన్‌పుట్‌ను కొత్త టెస్టుగా చేర్చండి. ఆ టెస్టును మీ పరిష్కారం లేకుండా నడిపి, ఫెయిలవుతోందని తప్పకుండా చూడండి. ఎప్పుడూ ఫెయిలవని టెస్టు దేనికీ కాపలా కాయదు. ట్రిపుల్, రిక్వైర్స్ లైన్లు ఉన్నాయా, స్టాండర్డ్ ఇన్‌పుట్ ద్వారా ఫైల్ ఇస్తున్నారా అన్నవీ చూసుకోండి.

మీ ప్యాచ్ విలీనమయ్యాక ఏదైనా బిల్డ్‌బాట్‌లో ఫెయిలైతే, కారణం వెంటనే తెలియకపోతే రివర్ట్ చేయండి. ఎల్ఎల్‌విఎమ్‌లో రివర్ట్ మామూలు విషయం, అందులో నామోషీ లేదు. మెయిన్ బ్రాంచ్ చెడి ఉన్నంతసేపు వేరేవాళ్ల కొత్త తప్పులు ఆ వైఫల్యం వెనక దాక్కుంటాయి. రివర్ట్ సందేశంలో ఏ టెస్టు, ఏ ప్లాట్‌ఫామ్‌లో, ఏ ఎర్రర్‌తో ఫెయిలైందో రాయండి.

పరిష్కారానికి సమయం పడుతుందని తెలిసి, టెస్టును తాత్కాలికంగా పక్కన పెట్టక తప్పకపోతే, దాన్ని తొలగించకండి, అన్‌సపోర్టెడ్ అని కూడా పెట్టకండి. ఏ టార్గెట్‌లో ఫెయిలవుతోందో ఆ టార్గెట్‌కు మాత్రమే ఎక్స్‌ఫెయిల్ పెట్టి, పక్కన ఇష్యూ నంబర్ రాయండి. టెస్టు రోజూ నడుస్తూనే ఉంటుంది, ఎవరైనా ఆ తప్పును సరిచేసిన రోజున అది ఎక్స్‌పాస్‌గా బయటపడి, ఆ లైన్ తీసేయమని వాళ్లకే చెబుతుంది. నిలకడలేని టెస్టుకు మాత్రం ఎక్స్‌ఫెయిల్ పనికిరాదు, పాసైనప్పుడల్లా అదే కొత్త వైఫల్యం అవుతుంది. అలాంటిదాన్ని ఇష్యూ నంబర్‌తో అన్‌సపోర్టెడ్‌గా ఉంచి, ఆరో మెట్టులో చెప్పిన పని పూర్తయ్యాక ఆ లైన్ తీసేయండి.